ధర అడగని వంశంలో ఒక ఆంప్లిఫయర్

మా ముత్తాతకు గొల్లపల్లి చుట్టుపక్కల పన్నెండు ఊళ్ల మీద పెత్తనం. ఆయన కుర్చీలో కూర్చుంటే ఎదురుగా వచ్చినవాళ్లు చెప్పులు చేతబట్టుకొని నిలబడేవారని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు (అందులో గొప్పేమీ లేదని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది). మా తాత ఆ పన్నెండు ఊళ్లను ఒక ఊరికి తెచ్చాడు, మా బాపు ఆ ఊరిని ఒక మామిడితోటకు తెచ్చాడు. నా వంతుకు మిగిలినవి మూడు: వంగని వెన్ను, ముత్తాత టేకు కుర్చీ, దుకాణంలో ధర అడగకూడదనే ఆచారం. ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగం ఇంకా రాని ఆ రోజుల్లో వీటికి తోడుగా ఒక గేమింగ్ ల్యాప్‌టాప్ కూడా ఉండేది. ముత్తాత పంచాయతీలు చెప్పిన కుర్చీలోనే నిటారుగా కూర్చొని నేను తుపాకులు పేల్చేవాణ్ణి.

మాది నలుగురి జట్టు. కెప్టెన్‌ను అందరం సాంచా అని పిలిచేవాళ్లం, ఎందుకంటే సిరిసిల్లలో వాళ్ల నాయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తాడు. వాళ్ల తాత మా ఇంట్లో జీతగాడిగా ఉండి, ఆ తర్వాత సిరిసిల్లకు వెళ్లిపోయాడు. పది రోజుల్లో జగిత్యాలలో పోటీ. నా చోటు మాత్రం ఊగిసలాడుతోంది. ఆ ఆటలో శత్రువు అడుగుల చప్పుడు వినబడితేనే బతుకు. మా మామ ఇచ్చిన హెడ్‌ఫోన్ స్టూడియోలలో వాడే పెద్దరకం. దాన్ని మోగించే శక్తి ల్యాప్‌టాప్‌కు లేదు. బాంబు పేలినా నా చెవికి దోమ రొద లాగే అందేది.

"అన్నా, వాడు నీ ఎన్కకే అచ్చిండు గదా, ఇనవడలేదా?" అన్నాడు సాంచా ఒకరోజు. "ఇనవడుతలేదు." "గట్లయితే గా హెడ్‌ఫోన్‌కు చిన్న ఆంప్లిఫయర్ పెట్టు. నేను చూపిస్త. లేకుంటే నీ జాగల ఇంకొకన్ని తీసుకోవాల్సొస్తది, మనసుల పెట్టుకోకు."

"మా ఇంటికేం కావాల్నో మేమే తెప్పించుకుంటం," అన్నాను నేను.

మర్నాడు కోరుట్లలో ఒక సౌండు సామాన్ల దుకాణానికి వెళ్లాను. మా ఇంటివాళ్లు ధర అడగరు, ఎందుకు కావాలో చెప్పరు, కొన్నది చేత్తో మోయరు. అందుకని గడపలోనే నిలబడి, "మంచి ఆంప్లిఫయర్ ఒకటి ఇంటికి పంపియ్యి," అన్నాను. దుకాణదారు లేచి నిలబడ్డాడు. "ఎంత దూరం ఇనవడాలె దొరా?" "దూరంల అడుగు పడ్డా సాఫ్‌గ ఇనవడాలె." ఆయన ఇంకేమీ అడగలేదు. మా ఇంట్లోని పెళ్లిళ్లన్నింటికీ మైకు కట్టింది వాళ్ల నాయనేనట.

తెల్లవారి పది గంటలకు ట్రాలీ ఆటో వచ్చింది. అందులోంచి నడుమెత్తు సౌండు బాక్సులు రెండు, ఇద్దరు పట్టి దించిన ఆంప్లిఫయర్ ఒకటి, గరాటు మైకులు నాలుగు దిగాయి. నేను స్నానం చేసి వచ్చేసరికి ఒక మైకును పిట్టగోడకు కట్టేసి, "అలో, అలో" అంటున్నారు. డిగ్రీ చదువుతున్న మా చెల్లెలు పుస్తకం పట్టుకొనే బయటికి వచ్చి, "ఎవలి పెండ్లి?" అని అడిగింది, తనదేనేమోనన్న భయంతో. పక్కింటావిడ ముహూర్తం ఎప్పుడని అడగడానికి వచ్చింది. ఆటకోసమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా నాయనమ్మ మాత్రం తొణకలేదు. "పెండ్లే అనుకోనియ్యి. ధర అడుగకుంట తెచ్చినవ్ గదా, గంతే సాలు," అంది.

ఈ సంగతి సాంచాకు ఎలా తెలిసిందో (మైకు సిరిసిల్ల దాకా వినబడి ఉంటుందని తర్వాత వాడే అన్నాడు), సాయంత్రానికి బండి మీద వచ్చాడు. నవ్వలేదు. హెల్మెట్ మాత్రం చాలాసేపు తీయలేదు. జేబులోంచి రెండు ఆంప్లిఫయర్లు తీశాడు. ఒకటి సబ్బుపెట్టె అంత, ఇంకోటి అగ్గిపెట్టె అంత. "ఇని చూసుకొని కొనాలెన్నా. పెద్దగుంటె మంచిదని గాదు."

ల్యాప్‌టాప్ ఆ కుర్చీ ముందే ఉంది. ప్లగ్గూ అక్కడే. సాంచా హెడ్‌ఫోన్ పెట్టుకొని, వైరు చాలక నడుము వంచి నిలబడ్డాడు. వాళ్ల తాత కూడా అక్కడే అలాగే నిలబడి ఉంటాడు. నా వెన్నులో ఏదో కలుక్కుమంది.

"కూసో," అన్నాను.

వాడు నా ముఖం చూశాడు. నేను గుమ్మంలో ఉన్న నాయనమ్మ ముఖం చూశాను. ఆమె చూపు కుర్చీ కాళ్ల మీదికి దిగింది. తర్వాత, "గా కుర్చీ ఎడమకోడు ఊగుతది బిడ్డా, జర పైలం," అని లోపలికి వెళ్లిపోయింది.

వాడు కూర్చొని కళ్లు మూసుకున్నాడు. పన్నెండు సాంచాల మోతలో ఏ సాంచా మీద పోగు తెగిందో చప్పుడును బట్టి చెప్పే ఇంట్లో పుట్టినవాడు. "గీ పెద్దది జోరుగుంది గని, చార్జర్ పెడితే గూ అంటంది. మీ ఇంట్ల ఎర్తింగు సక్కగ లేదన్నా. గీ చిన్నది సాఫ్‌గుంది. ధర గూడ అగ్గువ."

అప్పుడు మా వంశంలో మొదటిసారి ఒక మగవాడు గొంతు సవరించుకొని, "ఎంత?" అని అడిగాడు. వాడు చెప్పాడు. ఒకసారి నోరు తెరిచాక ఆగుతుందా, "జర తగ్గదా?" అని కూడా అడిగాను. "నేనేమన్న దుకాణపోన్నా అన్నా, ఆన్‌లైన్ల ఉన్న ధర చెప్పిన," అన్నాడు సాంచా, ఈసారి నవ్వుతూ.

ట్రాలీలో వచ్చిన సామాను తిరిగిపోయింది, అగ్గిపెట్టె అంతది నాతో జగిత్యాలకు వచ్చింది. అక్కడ రెండు ఆటలు గెలిచి మూడోది ఓడిపోయాం. అయినా మొదటి ఆటలోనే ఎడమవైపు వెనకనుంచి మెత్తగా అడుగు పడటం నాకు వినబడింది. తిరిగి చూశాను. నా చోటు నాకే మిగిలింది.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, కొత్తిమీర కట్టకు కూడా ధర అడుగుతాను. ఆదివారాలు సాంచాతో ఇంకా ఆడతాను, ఆ అగ్గిపెట్టె ఇంకా మోగుతోంది. దుకాణం గడపలో నిటారుగా నిలబడిన ఆ పిల్లదొర అప్పుడప్పుడు గుర్తొస్తాడు. లోపలికి రమ్మని, ఏం కావాలో సరిగ్గా చెప్పమని అనాలనిపిస్తుంది.

కుర్చీని పోయిన ఎండాకాలం జగిత్యాలలో పాత టేకు సామాను కొనేవాళ్లకు అమ్మేశాం. ఎడమకోడు ఊగుతుందని ధర కొంత తగ్గించారు.