ఖమర్‌బీ పులిజూదం బండ

గండికోట జలాశయం నీళ్లు కొండాపురం పక్క పల్లెల్లోకి వస్తున్నాయని తేలిపోయాక జనం తలుపులు ఊడబీకారు, దూలాలు దించారు, కిటికీలు ట్రాక్టర్లకెక్కించి సర్కారు ఇచ్చిన కొత్త కాలనీకి తోలుకుపోయారు. పరుపులు కుట్టే ఖమర్‌బీ మాత్రం తన రేకుల ఇంటి సంగతి పక్కనబెట్టి, చావిడి ముందున్న నాపరాతి బండ దగ్గరికి గడ్డపార పట్టుకొని వచ్చింది.

ఆ బండ మీద పులిజూదం గీతలున్నాయి. ఎవరు చెక్కారో తెలియదు. చావిడి కట్టిన బేల్దార్లు మధ్యాహ్నం సంగటి తిన్నాక ఊరికే కూర్చోలేక చెక్కారని కొందరు, కోటకు కావలి కాసిన సిపాయిలని కొందరు అనేవాళ్లు. పాత గుడి మంటపాల్లోనూ, కోట బండల మీదా ఇలాంటి గీతలు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి ఏ మాటనూ కొట్టేయలేం.

ఖమర్‌బీ పుట్టిల్లు పులివెందుల. పెళ్లయి వచ్చిన కొత్తలో, చావిడికి ఎదురుగా ఉన్న తన ఇంట్లో దూది దట్టిస్తూ మగవాళ్ల ఆట చూసేది. ఒకనాడు ఉండబట్టలేక, "ఆ మేకను ఆడ పెడితే పోయె గదప్పా!" అని గడప లోంచే అరిచింది. అన్నట్టే ఆ మేక పోయింది. మరునాటి నుంచి ఆమెనే పిలిచి కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్లలో ఆమె మేకలను ఓడించినవాడు లేడని ఊరంతా అనేది. ఉన్నాడని, అది తానేనని కిరాణాకొట్టు బదరీనారాయణ ఒక్కడే వాదించేవాడు.

గడ్డపార చప్పుడు విని పరుగెత్తుకొచ్చిందీ ఆయనే.

"ఏంది ఖమర్‌బీ, ఊరి బండను ఎత్తకపోతాండావా? కాలనీలో నా అంగడి ముందర వేసుకుందామని నేననుకుంటాంటే!"

"నీ అంగడి ముందర వేస్తే దానిమింద బియ్యం మూటలు పెడతావు శెట్టప్పా. ఈ బండ ఆడేటోళ్లది."

"నేను ఆడనా?"

"ఆడతావు. గెలవవు."

ట్రాక్టరు తోలే కలీం ఇంజను ఆపి నవ్వాడు. "మాటలెందుకు మామా? ఒక ఆట వేసుకోండి. గెలిచినోళ్ల ఇంటికే తోల్తా."

బదరీనారాయణ మూడు గులకరాళ్లు ఏరుకున్నాడు. అవి పులులు. ఒకదాన్ని ముక్కోణం కొసన, రెండింటిని దాని కింద పెట్టాడు. ఖమర్‌బీ ఒడిలో పదిహేను చింతపిక్కలు. అవి మేకలు.

"పులివెందులలో పుట్టి ఎప్పుడు జూసినా మేకల్నే పట్టుకుంటావేంది? మీ ఊరి పేరులోనే పులుందే!"

"అందుకే శెట్టప్పా. పులుల్ని యాడ కట్టాల్నో మాకు తెలుసు."

ఆమె ఒక మేకను గీతలు కలిసేచోట పెట్టడం, ఆయన ఒక పులిని ఒక అడుగు జరపడం. మేక అవతల చోటు ఖాళీగా ఉంటే పులి దాని మీదుగా దూకి మేకను తినేస్తుంది. పదిహేనూ దిగేదాకా మేకలు కదలకూడదు. దిగాక కదిలి, మూడు పులులకూ దారి లేకుండా చేస్తే గెలుపు మేకలది. ఈలోగా ఆరు మేకలు పోతే పులులది.

ఖమర్‌బీ ఎప్పటిలాగే అంచుల నుంచి మొదలుపెట్టింది. అంచున ఉన్న మేకకు అవతల పులి దిగడానికి చోటుండదు. కానీ ఆ రోజు ఆమె చూపు మాటిమాటికీ తలుపుల్లేని ఇళ్ల మీదికి పోతోంది. ఆ పరధ్యానంలో రెండు మేకలు పోయాయి. బదరీనారాయణకు హుషారెక్కింది. ఒకే ఎత్తులో రెండు మేకల మీదుగా వరసగా దూకి, రెండు పిక్కలూ గుప్పిట్లో వేసుకున్నాడు.

"ఏయ్! ఎత్తుకు ఒక మేకే!"

"మా జేజినాయన కాలం నుంచీ రెండు తినొచ్చు."

"మీ జేజినాయన యాడున్నాడిప్పుడు, సాక్ష్యం చెప్పేకి?"

తగువు తెగలేదు. ఖమర్‌బీ పులివెందులలో ఉన్న అక్క ఖైరున్నీసాకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. చిన్నప్పుడు తనకు ఆట నేర్పింది ఆమే.

"ఆపా, పులి ఒకే ఎత్తులో రెండు మేకల్ని తినొచ్చునా? తెలుగులో చెప్పు, శెట్టి వింటాండాడు."

"ఒక మేకను తిన్న పులికి అది అరగాల గదా?" అంది ఖైరున్నీసా. "అరిగినాక తింటాది రెండోది. అయినా మీ ఊర్లోకి నీళ్లొస్తాండాయంటనే, మీరేంది ఆడ పులిజూదం ఆడతాండారు?"

కలీం పడీపడీ నవ్వాడు. బదరీనారాయణ గొణుక్కుంటూ పులిని ఒక దూకు వెనక్కి తెచ్చి, రెండో మేకను తిరిగి దాని చోట పెట్టాడు. అక్క గొంతు విన్నాక ఖమర్‌బీ ఇళ్ల వైపు చూడలేదు. పిక్క పక్కకు పిక్కను జరుపుతూ ఒక్కో దారీ మూసుకుంటూ వచ్చింది. చివరికి ఆయన ఏ రాయి మీద వేలు పెట్టినా పక్కన మేక, ఆ మేక వెనక మరో మేక.

"కట్టేసినావమ్మా," అన్నాడు. పంచె ఎగగట్టి, గడ్డపార తానే అందుకున్నాడు.

కాలనీలో ఆమె ఇంటి ముందు దించేటప్పుడు పట్టు జారి బండ మూల నేలకు కొట్టుకుంది. ముక్కలు కాలేదు కానీ నడిమధ్యన అడ్డంగా సన్నటి పగులు పడింది. ఖమర్‌బీ దాని పక్కనే కూలబడి పగులును వేలితో తడిమింది. ఊరు విడిచేటప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. బదరీనారాయణ చింతపిక్కలు తెచ్చి ఆమె ముందు పోశాడు.

"ఏడుస్తావా, ఆడతావా?"

కళ్లు తుడుచుకొని ఆడింది. రెండో ఎత్తుకే కొత్త తగువు పుట్టింది: పగులు మీదుగా పులి దూకొచ్చా? అది ఏరు, పులికి ఏరొక లెక్కా అని ఆయన. ఏరయితే ఈదాల, ఒక ఎత్తు ఆగాల్సిందేనని ఆమె. వారం కొట్లాడుకొని రాజీకొచ్చారు. ఎండాకాలం ఏట్లో నీళ్లుండవు కాబట్టి పులి దూకొచ్చు. వానాకాలం దూకకూడదు. ప్రొద్దుటూరు నుంచి దూది తెచ్చే జహీర్ ఈ రూలు విని, "ఇట్లాంటిది యాడా లేదే!" అని నోరు తెరిచాడు. "యాడా లేకుంటే ఏం, మా కాలనీలో ఉంది," అని ఇద్దరూ ఒక్కటై అతని మీద పడ్డారు.

ఈ శ్రావణంలో ఒక్క వానా పడలేదు. ఏట్లో నీళ్లున్నట్టా, లేనట్టా అని వాళ్లిద్దరూ నెల నుంచి వాదించుకుంటున్నారు.