నాయన ఎంచుకున్న కరెంటు ఇంజను

మా నాయనకు యంత్రాలంటే పిచ్చి. వీధిలో పోతూ కుట్టుమిషను చప్పుడు విన్నా ఆగి తొంగిచూసే మనిషి. పులివెందుల వైపు రోడ్ల పనికి ఓవర్సీరుగా ఉండేవాడు కాబట్టి నెలలో సగానికి పైగా ఆయన కాపురం డేరాలోనే. జమ్మలమడుగులో మా ఇంటికి అప్పుడప్పుడే కరెంటు వచ్చింది. వచ్చిందనే పేరే గానీ, ఆకాశంలో ఒక మబ్బుతునక కనబడితే చాలు, అలిగిన అల్లుడిలా చెప్పాపెట్టకుండా పోయేది.

అక్క తొలి కాన్పుకు ఇంటికి వచ్చిన ఏడు, నాయన ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇంట్లో కరెంటు పోయినా, డేరాలో అసలు లేకపోయినా, కరెంటు పుట్టించే ఇంజనొకటి కొని, మనకంటూ సొంత కరెంటు పెట్టుకోవాలి. అమ్మకు ఇది మొదటినుంచీ గిట్టలేదు.

"రెండు గ్యాసు లైట్లు తెస్తే సరిపోదా? ఇంజను ఏందికి?" అంది.

"గ్యాసు లైటు బుస్సుమంటా ఉంటే పసిబిడ్డ నిద్ర పోతాదా?" అన్నాడు నాయన.

ఇంజను మోత ముందు గ్యాసు లైటు మోత ఎంతని ఆయనకు తెలియక కాదు. ఆయనకు కావలసింది ఇంజను, బిడ్డ ఒక సాకు. ఆ మాట అప్పుడే ఆయన మొహాన అని నవ్వాను కూడా. ఆయనా నవ్వాడు. కానీ పుట్టబోయే బిడ్డ మీద ఆయనకు ఎంత ప్రేమో నాకు తెలుసు. చీకట్లో బాలింత కూతురు తడుముకుంటూ లేవడమన్న ఊహనే ఆయన భరించలేడు.

ప్రొద్దుటూరులో ఒక సాయిబు పాత యంత్రాలు అమ్మేవాడు. మిలిటరీ వాళ్ళు వదిలేసినవి, డేరా సినిమాల వాళ్ళు మూతవేసుకుంటూ అమ్మినవి ఆయన కొట్టు వెనక దొడ్డినిండా ఉండేవి. పొత్తిగుడ్డలకు మెత్తటి బట్ట కొనాలని నేనూ నాయనతో బస్సెక్కాను. బట్ట కొనడానికి పట్టిన కాసేపు తప్ప ఆ పగలంతా ఆ దొడ్డిలోనే గడిచింది.

రెండు ఇంజన్లు నచ్చాయి నాయనకు. ఒకటి డేరా సినిమాది. దున్నపోతంత ఉంది. నేల తవ్వి, సిమెంటు దిమ్మె కట్టి, బోల్టులు బిగిస్తే తప్ప నిలవదు. రెండోది మిలిటరీది. చిన్నది. రెండు పక్కలా పట్టుకోవడానికి ఇనుప పిడులున్నాయి. నాలుగు బల్బులు వెలుగుతాయి, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దని సాయిబు ముందే చెప్పాడు.

"నమ్మకమైంది కావాలంటే పెద్దదే తీసుకోప్పా," అన్నాడు సాయిబు. "దొడ్లో షెడ్డేసి కూర్చోబెడితే నీ మనవడు గూడా వాడుకుంటాడు."

"డేరాకు ఎట్ల తీస్కపోయేది సాయిబూ? నాకు ఈడా కావాల, ఆడా కావాల."

"అట్లయితే చిన్నదే. ఇద్దరు పట్టుకుంటే యాడికైనా పోతాది. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకో. బయటే పెట్టల్ల. ఇంట్లో పెడితే పొగ శానా కమ్ముకుంటాది."

పొగ సంగతి మేమిద్దరమూ విన్నాం. విని, సరేనన్నాం. పొగంటే మాకు కళ్ళు మండడం, గోడలు నల్లబడడం. అంతకు మించి ఏముంటుందని?

నాయన పిడులు పట్టి ఒకసారి ఎత్తి చూశాడు. దించి, మళ్ళీ ఎత్తాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. ఎక్కడికైనా తీసుకుపోవచ్చు, అదే దాని గొప్ప.

మొదట అది డేరాకే పోయింది. అక్కడ బయట రాళ్ళమీద పెట్టి తిప్పితే, డేరాలో బల్బు వెలుగుతుంటే చుట్టుపక్కల పల్లెలవాళ్ళు వచ్చి చూసిపోయేవాళ్ళట. తర్వాత అక్కకు ఆడపిల్ల పుట్టింది. నాయన సెలవు పెట్టి, ఇంజనును బస్సు మీద కట్టించుకుని ఇంటికి తెచ్చాడు.

మా వైపు బాలింత గది ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కేస్తారు. గాలి తగిలితే బాలింతకు వాతం చేస్తుందని భయం. మంచం కింద కుంపటి. పొద్దునా సాయంత్రమూ నిప్పులమీద సాంబ్రాణి, వాము వేసి తల్లికీ బిడ్డకూ పొగ పట్టిస్తారు. ఆ గదిలో పొగ లేకపోతేనే పెద్దవాళ్ళు కేకలేస్తారు.

బిడ్డకు ఇంకా పేరు పెట్టలేదు. ఆ రోజు మధ్యాహ్నం నుంచే గాలీవానా పట్టుకుంది. కరెంటు పోయింది. దీపాలు పెట్టే వేళకు నాయన ఇంజను తీశాడు. దొడ్లో వాన, వీధి అరుగుమీదా జల్లు. తడిస్తే ఇంజను పాడవుతుందని, నేనూ ఆయనా చెరో పిడీ పట్టుకుని నడవలో పెట్టాం. బాలింత గది ఆ నడవ పక్కనే. పొగ గొట్టం దొడ్డివైపు తిప్పి, నాయన దొడ్డి తలుపు బార్లా తెరిచాడు.

ఇంజను మొదలైంది. నాలుగు బల్బులూ ఒక్కసారి వెలిగాయి. అక్క గదిలోంచి, "నాయనా, బిడ్డ వెలుతురు దిక్కు చూస్తాంది!" అని కేకేసింది. అంత సంతోషం ఆయన ముఖంలో నేను మళ్ళీ చూడలేదు.

వీధంతా చీకటి, మా ఇల్లొక్కటే వెలుగు. వాన కాస్త తగ్గేసరికి పక్కిళ్ళవాళ్ళు గోనెపట్టలు కప్పుకుని అరుగు దగ్గరికి వచ్చారు. "ఏమప్పా, పెండ్లి మాదిరి ఉండాదే మీ ఇల్లు!" అంటుంటే నాయన వాళ్ళకు ఇంజను గుణగణాలు చెబుతూ నిలబడ్డాడు. నేనూ అక్కడే ఉన్నాను.

దొడ్డి తలుపులోంచి చలిగాలి కొట్టి బాలింత గది తలుపు టపటపలాడుతోందని, అమ్మ దొడ్డి తలుపు మూయబోయింది. అప్పుడే లోపలికి వచ్చిన నేను పొగ కమ్ముకుంటుందేమోనంటే, "బాలింతకు పొగ మంచిదే. గాలే పనికిరాదు," అని, పథ్యం వండడానికి దొడ్లో ఉన్న వంటపాకలోకి పోతూ తలుపు మూసి బయట గడియ వేసింది. నేను మళ్ళీ అరుగు దగ్గరికి పోయాను.

గదిలో సాంబ్రాణి వాసన ఉండనే ఉంది. ఇంజను మోతలో బిడ్డ ఏడ్చిందో లేదో ఎవరికీ వినబడలేదు. అసలు ఏడ్చే వ్యవధి దానికి దొరికిందో లేదో.

అమ్మ పథ్యం కంచం పట్టుకుని గదిలోకి పోయి, నిద్రపోతోందనుకుని అక్కను తట్టింది. అక్క లేవలేదు. అమ్మ అరిచిన అరుపు ఇంజను మోతను మించి వీధిలోకి వినబడింది.

జట్కా మీద ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్క బతికింది. బిడ్డ బతకలేదు. ఇంజను పొగలో రంగూ వాసనా లేని విషం ఒకటి ఉంటుందనీ, అది మనిషిని నిద్రలోనే తీసుకుపోతుందనీ డాక్టరమ్మ చెప్పింది. సాంబ్రాణి పొగ చూసి చూసి, పొగలన్నీ ఒకటేననుకున్నాం. నాయన బిడ్డను తువ్వాలులో చుట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా పెన్న ఒడ్డుకు తానే మోసుకుపోయాడు.

పరామర్శకు వచ్చినవాళ్ళు ఎలా జరిగిందని అడిగితే, "నేనే లోపల పెట్టినా," అనేవాడు. దొడ్డి తలుపు మాట ఒక్కనాడూ ఎత్తలేదు. అమ్మ వంచిన తల ఎత్తేది కాదు. ఆ తలుపు గురించి వాళ్ళిద్దరి మధ్యా ఎన్నడూ ఒక్క మాట జరిగినట్టు నాకు తెలియదు. నాకు మాత్రం ఇద్దరి మీదా కోపం వచ్చేది, అంతలోనే వాళ్ళను చూస్తే ఏడుపు వచ్చేది. ప్రేమతో చేసిన పనికి ఎవరిని తిట్టను?

రెండో కాన్పుకు అక్క మా ఇంటికి రాలేదు. వేంపల్లెలో అత్తగారింట్లోనే మగపిల్లవాడు పుట్టాడు. నాయన రానన్నాడు. నేనే బలవంతాన తీసుకుపోయాను.

గది తలుపు దగ్గరే ఆగిపోయాడు. కుంపటి ఉంది, కిటికీలు మూసి ఉన్నాయి. నేరుగా లోపలికి నడిచి, కిటికీ సందుల్లోంచి గుడ్డలు లాగి తలుపులు తెరవడం మొదలుపెట్టాడు. అక్క అత్తగారు ఉరికి వచ్చింది.

"ఏందన్నా నువ్వు చేస్తాండేది? బాలింతకు గాలి తగుల్తాది!"

"తెరవనీ అత్తా," అంది అక్క.

ఆమె అక్క ముఖం చూసి వెనక్కి తగ్గింది. తెరవడానికి ఇంకో కిటికీ లేక నాయన గది మధ్యలో నిలబడిపోయాడు. అక్క లేచి కూర్చుని, "ఎత్తుకో నాయనా," అని బిడ్డను ఆయన వైపు చాచింది.

నాయన చేతులు లేవలేదు.