బిగిసిన మొలతాడు

ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. విడపనకల్లు పక్క పల్లెలో శనక్కాయ విత్తనం భూమిలోనే మాడిపోయింది. రంగన్న మట్టిపనికి బెంగళూరు పోయాడు. ఇంట్లో అతని భార్య తిప్పమ్మ, రెండేళ్ల కూతురు రేఖ మిగిలారు.

బిడ్డ ఒళ్లు చేసిందో చిక్కిందో తెలుసుకోవడానికి తిప్పమ్మ దగ్గరున్న కొలత ఒకటే, మొలతాడు. బిగుసుకుంటే మంచిది, జారితే చెడ్డది. తొలిచూలు మగబిడ్డకు ఎన్ని ముళ్లు వేసినా ఆ తాడు తుంటి దాటి జారింది. చివరికి వాణ్ణి పూడ్చిపెట్టి వచ్చింది. అందుకే లోకంలో ఉన్న భయమంతా ఆమెకు ఆ నల్లదారం మీదే. తెల్లారగానే కూతురి నడుం దగ్గర వేలు దూర్చి చూసేది. ఎండాకాలం నుంచీ తాడు వదులుగానే వేలాడింది. తన వంతు గంజి కూడా బిడ్డకే పోసింది.

కార్తీకంలో ఒక పొద్దున వేలు దూరలేదు. బుగ్గలు నిండాయి, పాదాలు బూరెల్లా పొంగాయి. తిప్పమ్మ ముడి వదులు చేసి, కళ్లనీళ్లతో పక్కింటి అక్కమ్మను పిలిచింది.

"చూడొదినా, నా కూతురు ఒళ్లు చేసుండాది."

"ముందు దిష్టి తీయి పాపకు," అంది అక్కమ్మ.

దిష్టి తీశారు కూడా. కరువులో అదృష్టం తలుపు తడితే ముందు అనుమానించాలని ఆ పిచ్చితల్లులకు ఎవరు చెప్పాలి!

ఆ వారమే ఆసుపత్రి జీపులో ఊళ్లోకి వచ్చిన నర్సు కృపాకుమారి చేతికి తిప్పమ్మ బిడ్డను గర్వంగా అందించింది. నర్సు నవ్వలేదు. బిడ్డ పాదాన్ని బొటనవేలితో నొక్కి వదిలింది. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది.

"ఏం పెడతాండావు బిడ్డకు?"

"గంజి, నర్సమ్మా."

"పప్పు, పాలు?"

"యాడివి?"

"ఇది కండ కాదు తిప్పమ్మా, నీరు. పప్పూ పాలూ లేక బిడ్డ లోపల అరిగిపోయి, పైన ఉబ్బింది. ఇప్పుడే అనంతపురం పెద్దాసుపత్రికి పోవల్ల. జీపెక్కు."

ఎక్కింది గానీ తిప్పమ్మ మనసు ఒప్పుకోలేదు. తనే బొటనవేలితో పాదం నొక్కింది. గుంట పడింది. పిక్క నొక్కింది, అక్కడా అంతే. దారి పొడవునా చేయి, తొడ, వీపు నొక్కుతూనే పోయింది, ఒక్కచోటైనా కండ తిరిగి లేస్తుందేమోనని. రేఖ ఏడవలేదు. ఏడవడానికి ఆ బిడ్డలో ఓపిక లేదు.