చలికి మొరాయించే పాలబండి

మా వీధి మెకానిక్‌కు కోపం ముక్కు మీదే ఉంటుంది. చలికి మొరాయించే బండిని ఎండెక్కాక తెస్తే ముట్టుకోడు. "జ్వరం తగ్గాక చెయ్యి చూపిస్తే నాకేం తెలుస్తుంది?" అంటాడు.

అందుకే తన చెల్లెలి పాల పికప్ బండి వారంగా సతాయిస్తుంటే, తెల్లవారుజామునే చెవులకు మఫ్లరు చుట్టుకుని తనే వాళ్లింటికి వెళ్లాడు. ఆమె తాళం తిప్పింది. కొత్త బ్యాటరీ వేయించినా ఇంజను రెండుసార్లు మూలిగి ఊరుకుంది. అతను ఒక లావుపాటి తీగతో ఇంజనును నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు కలిపి మళ్లీ తిప్పమన్నాడు. బండి ఠక్కున అందుకుంది.

"ఎర్త్ అందట్లేదు," అంటూ కిందికి దూరి, బ్యాటరీ నుంచి వచ్చి బండి చట్రానికి బిగించిన ఎర్త్ తీగ బోల్టు విప్పాడు. దాని కింద మందంగా నల్లరంగు.

"ఇనుముకి తగలాల్సిన తీగని రంగు మీద బిగించాడే! ఎండలో ఎలాగో లాక్కొచ్చింది. చలికి ఇంజను బిగుసుకుంటే ఆ కాస్త కరెంటు చాలొద్దూ? ఏ గాడిద చేసిన పనమ్మా ఇది?"

చెల్లెలు టీ గ్లాసు బంపరు మీద పెట్టింది. "తుప్పు పడుతుందని వేసవిలో రంగేసి బిగించింది నువ్వేగా అన్నయ్యా."

అన్న గరుకుకాగితం అందుకుని మళ్లీ లోపలికి దూరాడు. టీ చల్లారినా బయటికి రాలేదు.