డిస్పెన్సరీ బండిలో బాయిలర్ చప్పుడు

దయ్యాల మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. మా ఇంట్లో ఆ శాఖ మా మేనత్తది. నాది కరెంటు. జార్జ్ టౌన్‌లో కాలేజీ చదువు చదివి, ఆ తర్వాత రెండేళ్ళు ఎలక్ట్రికల్ పని నేర్చుకున్నవాణ్ణి. చప్పుడు వస్తే ఎక్కడో మర వదులైందని, వాసన వస్తే ఎక్కడో వైరు కాలుతోందని అనుకునే రకం. ఇవాళ్టికీ అదే రకం. ఈ ఒక్క సంగతి మాత్రం ఆ లెక్కలో ఇమడలేదు.

మెర్దేకా, అంటే మా దేశానికి స్వాతంత్ర్యం, వచ్చిన ఏడు నేను ఒక డిస్పెన్సరీ బండిలో మెకానిక్‌ని. పెద్ద బస్సునే ఇల్లుగా మార్చారు. వెనక రోగులను చూసే గది, ముందు పడుకోవడానికి మంచాలు, మధ్యలో చిన్న వంటిల్లు, స్నానానికి ఒక మూల. అన్నిటికీ కలిపి గోడకు బిగించిన కరెంటు బాయిలర్ ఒకటి. బయట జనరేటర్ ఆడితే లోపల నీళ్ళు కాగేవి. కువాలా సెలంగోర్ చుట్టుపక్కల రబ్బరు తోటలన్నీ తిరిగేవాళ్ళం.

తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా పోలేదు. కూలీల ఇళ్ళను ముళ్ళకంచెల మధ్యకు మార్చేశారు. అడవిలో ఉన్న కమ్యూనిస్టు దళాలకు తిండి చేరకూడదని గేటు దగ్గర సిపాయిలు మా దూది డబ్బాల్లో కూడా బియ్యం కోసం వెతికేవారు. దూది దొరికితే కాస్త నిరాశ పడేవారు.

అంతకు ముందు ఏడు నా భార్య సరోజ పోయింది. సుంగై పెటానిలో, పుట్టింట్లో ఉండగా మూడు రోజుల జ్వరం. నేను ఇదే బండిలో టూరులో ఉన్నాను. కబురు అందింది గానీ దారి మూసేశారు. నేను చేరేసరికి అన్నీ అయిపోయాయి. మామగారు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

సరోజ సంగతి ఒకటి చెప్పాలి. ఆవిరి కుడుములు వండేటప్పుడు ఆమె గిన్నె అడుగున నీళ్ళలో ఒక సెంటు బిళ్ళ వేసేది. నీళ్ళు మరుగుతున్నంత సేపూ బిళ్ళ గలగలలాడుతుంది. చప్పుడు ఆగిందంటే నీళ్ళు ఇంకిపోయాయని అర్థం. చాలా ఇళ్ళలో ఉన్న పద్ధతే. మా సెంటు బిళ్ళలు నలుపలకలవి కాబట్టి గుండ్రటి నాణెంలా ఒకే తీరుగా మోగవు. టక్, టకటక్, కాస్త ఆగి మళ్ళీ టక్. ఆమె పెరట్లో బట్టలు ఉతుకుతూ చెవి వంటింట్లో పెట్టేది. నేను పొయ్యి పక్కనే పేపరు చదువుతూ ఏమీ వినేవాణ్ణి కాదు.

"సప్పుడు ఆగిపోనాది, ఏటి సూస్తన్నారు? పొయ్యి తీసీండి" అని కేకేసేది. ఇంజనీరింగులో నాకు దొరికిన ఏకైక మందలింపు అదే.

ఆ ఏడు వానలప్పుడు బాయిలర్ చప్పుడు చేయడం మొదలుపెట్టింది. మా డ్రెస్సర్ రాజగోపాల్ గారు, అంటే మందులిచ్చే ఆయన, సగం తెలుగు, సగం తమిళం మనిషి, మాట చివర ఇక్కడి 'లా' తోక. తలుపులోంచి తల పెట్టి అన్నాడు. "ఏటి తంబీ, లోపల ఎవుడికైనా పన్ను పీకుతున్నావా? బైట లైను సగం పారిపోనాది లా."

పని మొదలుపెట్టాను. గోడకు పట్టి ఉంచే బ్రాకెట్ వదులైంది. రబ్బరు పెట్టి బిగించాను, గరగర పోయింది. నీళ్ళు లోపలికొచ్చే చోట వాల్వు కొట్టుకుంటోంది. మార్చాను, దడదడ పోయింది. నీళ్ళను కాచే కడ్డీ మీద బావినీళ్ళ సున్నం పొర కట్టింది. దానివల్ల బుడబుడ. ట్యాంకు ఖాళీ చేసి, కడ్డీ తీసి, వెనిగర్‌తో కడిగాను. రాలిన పెచ్చులన్నీ జల్లెడలో పట్టాను. టార్చి వేసి చూశాను. మణికట్టు దాకా చెయ్యి పెట్టి లోపలంతా తడిమాను. నున్నగా ఉంది.

నీళ్ళు నింపి స్విచ్చి వేశాను. గరగర లేదు, దడదడ లేదు, బుడబుడ లేదు.

టక్. టకటక్. కాస్త ఆగి, టక్.

స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆ బాయిలర్‌లో నీళ్ళు మరగవు. అంతకు చాలా ముందే థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది. మరగని నీళ్ళలో ఏ బిళ్ళా ఆడదు. ఇది నాకు బాగా తెలుసు. తెలిసి కూడా ఆ రోజు రిజిస్టరులో "సరి చేయబడినది" అని రాశాను.

తర్వాత పది పన్నెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. బాయిలర్ వేస్తే చాలు, పక్కన ఏదో పని కల్పించుకుని కూర్చునేవాణ్ణి. సరోజ గొంతు ఆఖరి మూడు రోజులు వినలేకపోయినవాడికి అదే చాలా ఎక్కువ. కానీ రాజగోపాల్ గారికి ఆ చప్పుడు తలనొప్పి. "శనివారం ఆఫీసర్ వస్తాడు. ఇది మోగిందంటే పీకించీసి కొత్తది పెట్టిస్తాను, సెప్పినాను." నేను తలూపాను. ఆ వారమంతా శనివారం రాకుండా ఆపే మరమ్మతు ఏదైనా ఉందా అని ఆలోచించాను.

గురువారం మధ్యాహ్నం ఒక తోటలో ఉన్నాం. నెలలు నిండిన పిల్ల, మొదటి కాన్పు. క్లాంగ్ ఆసుపత్రికి పంపుదామంటే సిపాయిలు రోడ్డు మూసేశారు. బండిలోనే మంచం మీద పడుకోబెట్టారు. మా మంత్రసాని పైడమ్మత్త కొంగు బిగించింది.

"వేడినీళ్ళు బేగి కానీ బాబూ. దీనికి తొందరగా ఉంది, నీకే నేదు."

బాయిలర్ వేసి, బయట జనరేటర్ దగ్గర కూర్చున్నాను. జనరేటర్ మోతలో కూడా ఆ టకటక వినిపిస్తోంది. ఎలా వినిపించిందని అడగకండి, నన్ను నేనూ అడిగి చూసుకున్నాను.

ఉన్నట్టుండి ఆగిపోయింది.

మెకానిక్ అయితే చప్పుడు ఆగినందుకు సంతోషించాలి. నేను లేచి పరుగెత్తాను. ఎందుకో ఆలోచించలేదు. మెయిన్ స్విచ్చి తీసేసిన తర్వాతే నేనేం చేశానో నాకు తెలిసింది.

ట్యాంకు పొడిగా ఉంది. అడుగున నీళ్ళు వదిలే రబ్బరు పైపు చీలి, నీళ్ళన్నీ బండి కిందకు కారి ఇసుకలో ఇంకిపోయాయి. థర్మోస్టాట్ కూడా పట్టేసింది, కరెంటు ఆపడం మానేసింది. బాయిలర్ వెలుపలి రంగు అప్పుడే పొక్కులు తేలుతోంది. దాని పక్క అలమరలో స్పిరిట్ సీసాలు వరసగా ఉన్నాయి. ఆ అలమరకు ఇవతల మంచం మీద కదల్లేని మనిషి.

పైడమ్మత్త ముక్కు ఎగరేసి వాసన చూసింది. తోటలో వంటశాల నుంచి నీళ్ళు తెప్పించాం. సాయంత్రం కాకముందే ఆడపిల్ల పుట్టింది. గొంతు మా జనరేటర్‌కు పోటీ.

మర్నాడు బాయిలర్ మొత్తం విప్పాను. సున్నపు పెచ్చు లోపల ఎక్కడైనా మిగిలి ఉండి, నీళ్ళలో కొట్టుకుని, నీళ్ళు పోగానే నిలిచిపోయి ఉండాలి. అలా అయితే నాకు హాయి. చెయ్యి పెట్టి వెతికాను. పెచ్చు లేదు, బిళ్ళ లేదు, వదులైన మర లేదు. జల్లెడలో తుప్పు పొడి కూడా పడలేదు. పైపు మార్చాను, థర్మోస్టాట్ మార్చాను.

ఆ చప్పుడు మళ్ళీ రాలేదు.

శనివారం ఆఫీసర్ మెచ్చుకున్నాడు. రాజగోపాల్ గారు నా వీపు తట్టాడు. ఆ బాయిలర్ నాలుగేళ్ళు ఉంది, పిల్లిలా.

చప్పుడు పోగొట్టినందుకు మెప్పు పొందినవాణ్ణి, దాన్ని మళ్ళీ తెప్పించడానికి ఎన్ని చేశానో ఎవరికీ చెప్పలేదు. బ్రాకెట్ వదులు చేశాను. జల్లెడ పట్టిన పెచ్చులు తిరిగి వేశాను. సిగ్గు విడిచి ఒక నలుపలకల సెంటు కూడా వేశాను. అది అడుగున పడి ఊరుకుంది. నిజమైన బిళ్ళ మోగలేదు.

మెర్దేకా రోజున అందరూ పట్నంలో మైదానానికి వెళ్ళారు. జనరేటర్ చూడాలని చెప్పి నేను ఉండిపోయాను. ఒక్కణ్ణే బాయిలర్ వేసుకుని కూర్చున్నాను. రేడియోలో జనం కేకలు వస్తుంటే తగ్గించాను. పైడమ్మత్త సాయంత్రం ముందుగా తిరిగొచ్చి నన్ను చూసింది.

"ఇన్ని నీళ్ళు ఎవరికి బాబూ?"

"స్నానానికి అత్తా."

"పొద్దున్న సేసినావు కదా."

"మళ్ళీ చేస్తాను."

ఆమె చెప్పులు విడిచి నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

ఆ చప్పుడు ఏమిటో, గురువారమే ఎందుకు ఆగిందో ఇప్పటికీ చెప్పలేను. తెలిసినవాళ్ళు సున్నమంటారు, గాలి బుడగలంటారు. కావచ్చు. నీళ్ళు మాత్రం ఆ రోజు చక్కగా కాగాయి. అవి చల్లారేదాకా కూర్చున్నాను.