మామ కళ్ళు తీసిన బల్బు

మాది పులివెందుల. నేను సైన్స్ టీచర్ని, కాబట్టి ఇంట్లో నా మాట ఎవరూ వినరు. పోయిన ఏడాది జమ్మలమడుగులో మా నాయన పాత ఫోటో స్టూడియో ఖాళీ చేస్తుంటే ఒక ఫ్లాష్ బల్బు దొరికింది. తెచ్చి మామకు చూపించాను.

"దాన్ని ఈడికెందుకు తెచ్చినావమ్మా? అది వెలిగితే కండ్లు పోతాయి! మా పెండ్లిలో ఇట్లాంటిదే వెలిగినప్పటి నుంచే నాకు చూపు తగ్గింది," అన్నాడు.

"లోపలుండే సన్నటి లోహపు తీగ ఆక్సిజన్‌లో ఒక్కసారి భగ్గున కాలిపోతుంది, అంతే మామా," అని పాఠం చెప్పి, పాత కెమెరాకు బ్యాటరీ వేసి నొక్కాను. గదంతా తెల్లబడింది.

"అయ్యో, కండ్లు పోయినాయి! ఏమీ కనపడల్యా!" అని మామ ఒకటే కేకలు. అత్త గుండెలు బాదుకుంది. మా ఆయన ప్రొద్దుటూరు కంటాసుపత్రికని కారు తీశాడు. అప్పుడు మామ ముఖం సరిగ్గా చూశాను.

"మామా, ముందు కండ్లు తెరువు!"

తెరిచాడు. అందరూ కనిపించారు. సైన్స్ గెలిచిందని తెగ మురిసిపోయాను.

నిన్న సింహాద్రిపురం నుంచి ఒక పెద్దాయన వెతుక్కుంటూ వచ్చాడు. "మీ మామకు పోయిన చూపు బల్బుతో తెప్పించినావంట గదమ్మా. ఆయనే ఊరంతా చెప్తాండాడు. ఇంకోటి ఉందా?"