చెరువుచేని రాయి

కోడుమూరు చుట్టుపక్కల ఏ ఊళ్లో కరెంటు పోయినా జనం ముందు తిట్టేది లైన్‌మన్ ఏసేపునే. తిట్లన్నీ అయ్యేదాకా ఆగి, ఫ్యూజు వేసి, చేతులు దులుపుకుని అప్పుడడుగుతాడు: "మీ సేన్లో అచ్చరాలుండే రాయేమన్నా ఉండాదా అప్పా?" పందొమ్మిదేళ్లుగా అదే ప్రశ్న. ఉందంటే బేరం మొదలవుతుంది. వైరు తెగితే ముందు మీ దగ్గరికే వస్తా, ఆ రాయిని మాత్రం కొట్టొద్దు, దానికి సున్నం పూయొద్దు, దాని మీద బట్టలుతకొద్దు. రూల్సు ప్రకారం అది తప్పే. ఆ తప్పు వల్లనే ముప్పైకి పైగా శాసనాలు ఈ రోజుకీ ఒంటిమీద అక్షరాలతో నిలబడి ఉన్నాయి.

ఇదంతా భక్తితో చేస్తున్నాడనుకుంటే పొరపాటు. ఏసేపుది మూడు తరాలుగా చర్చికి పోయే ఇల్లు. గుడి రాళ్లతో నీకేం పని అని ఊళ్లవాళ్లు అడుగుతారు, విగ్రహాలతో నీకేం పని అని చర్చివాళ్లు అడుగుతారు. భార్య విశ్వాసమ్మ అడగడం మానేసి చాలా కాలమైంది. "ఒక దిక్కు స్తంభాలెక్కి సస్తాండావు, ఇంగో దిక్కు రాళ్లు మోసి సస్తాండావు. ఏదో ఒక దిక్కే సావు, నాకు వెతుక్కునే పనన్నా తప్పుతాది" అంటుంది.

అసలు సంగతి ఏమిటంటే, ఏసేపు మొదట ఒక రాయిని పగలగొట్టాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్తంభానికి గుంత తవ్వుతుంటే గడ్డపారకు బండ అడ్డం వచ్చింది. సమ్మెటతో నాలుగు ముక్కలు చేసి బయట పారేశాడు. ఆ ఊరి ముసలి అయ్యవారొకాయన ఆ ముక్కలను చేర్చి, నేల మీద చతికిలబడి చదివి, "ఈడ ఒక మనిషి పేరుండె. నీ దెబ్బ సరిగ్గా దాని మీదనే పడింది" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఏసేపు మరిచిపోయేవాడు. నాలుగేళ్లు, ప్రతి ఆదివారం ఆరాధన అయిపోగానే ఆ అయ్యవారింటికి పోయి పాత అక్షరాలు నేర్చుకున్నాడు.

తర్వాత తానే చెప్పడం మొదలుపెట్టాడు. బడుల్లో, పొదుపు సంఘాల మీటింగుల్లో, టీ కొట్ల దగ్గర, ఎవరు వింటే వాళ్లకు. చాలామంది వినరు. అది అతన్ని బాధపెట్టలేదు. విన్నవాళ్లే ముంచారు. నాలుగేళ్ల కింద కొండపక్క పాడుబడ్డ గుళ్లో చక్కని నందిని చూసి, ఎవరి కంటా పడకుండా ఉంది, పదిమందికీ తెలిస్తే బాగుపడుతుందని ఊరి పేరుతో సహా పేపరుకు చెప్పాడు. వార్త వచ్చిన పదో రోజుకు గుప్తనిధుల వేటగాళ్లు ఆ నంది పొట్ట చీల్చి పోయారు. లోపల ఏముంటుంది, రాయే. పోలీసులు అందరికంటే ముందు ఏసేపును పిలిచి మూడు రోజులు స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టారు. "ఎంత దొరికిందన్నా?" అని ఆ ఊళ్లో ఇప్పటికీ నవ్వుతారు. అప్పటినుంచి మీటింగులకు పోతున్నాడు గానీ గొంతులో మునుపటి ఊపు లేదు. పదిమందికి చెబితే మంచిదేనా అన్న అనుమానం నోరు తెరిచిన ప్రతిసారీ వస్తుంది.

ఈ ఏప్రిల్లో ఒక పొద్దున సుబ్బరత్నమ్మ ఫోన్ చేసింది. ఆ మధ్య పొదుపు సంఘం మీటింగులో పదిహేను మంది ఆడవాళ్లకు రాళ్ల గురించి చెబితే చివరిదాకా విన్నది ఆమె ఒక్కతే.

"కరెంటు పని గాదులే ఏసేపూ. మావోడు చెరువుసేను సదును జేపిస్తాంటే రాయొకటి తేలింది. పైన సూర్యుడు, సెంద్రుడు ఉండారు. ఓపారి వచ్చి సూసిపో."

ఏసేపు పోయేసరికి రాయి ఎర్రమన్ను కప్పుకుని వెల్లకిలా పడి ఉంది. ఆమె కొడుకు భూపేష్ బోరు దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. ముప్పై దాటని మనిషి, ఏడెకరాల్లో ఉల్లి వేస్తాడు. "గట్టు మీద ఏపిస్తాలేప్పా. దాని పాటికది ఉంటాది, నాకేం అడ్డం?" అన్నాడు. రాయికి ఏ ముప్పూ లేదు. ఏసేపు ఒక దండం పెట్టి తిరిగొచ్చేసి ఉంటే సరిపోయేది.

తిరిగి రాలేదు. నీళ్లు పోసి కొబ్బరి పీచుతో నెమ్మదిగా కడిగాడు. నడిమధ్యాన్నపు ఎండలో అక్షరాలు కనబడవు. సుబ్బరత్నమ్మను కంబళి అడిగి, దాన్ని రాతి మీద కప్పి, తాను లోపలికి దూరి, ఫోన్ లైటును పక్కనుంచి పెట్టాడు. అట్లా పెడితే గాట్ల నీడలు లేచి చదవడానికి వస్తాయి.

జేసీబీ నడిపే బసవన్న సీటులోంచి వంగి చూశాడు. "ఏమన్నా, కాన్పు జేస్తాండావా? మొగబిడ్డా, ఆడబిడ్డా?"

"పదకొండు" అని కంబళి కింద నుంచి జవాబు వచ్చింది. "పదకొండు వరసలు."

"అయ్యో, తల్లి ఎట్లుండాదో మల్ల!"

సుబ్బరత్నమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఏసేపు చెమటతో ముద్దయి బయటికొచ్చాడు. ఎన్నో నెలల తర్వాత ముఖం వెలిగింది. వెంటనే చెప్పేశాడు. చదివింది కడుపులో దాచుకోలేకపోవడం అతని రోగం.

"ఓబన కొడుకు తిమ్మన, వాని పిల్లలు, వాళ్ల పిల్లలు ఏటేటా ఈ చెరువు తూముకు పూడిక తీయాల. తీసినన్నాళ్లు కట్ట కింద సేను వాళ్లది. అదమ్మా, దీంట్లో ఉండేది."

"ఓరి దేవుడా! అందుకా దీన్ని చెరువుసేను అంటాండేది?" సుబ్బరత్నమ్మ రాయి పక్కన కూలబడింది. "కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తనడిగినా. చెరువు యాడుండాదత్తా అని. పనిజూడుపో అనింది. ఆయమ్మకూ తెల్దేమో."

భూపేష్ ఫోన్ జేబులో పెట్టాడు. "ఇంగోపారి సదువు."

అతనికి ఆసక్తి కలిగిందనుకున్నాడు ఏసేపు. ఇంకా వివరంగా, వేలితో చూపిస్తూ, ఇక్కడ తూము, ఇక్కడ కట్ట అని చదివాడు. కంబళి కింద తీసిన ఫోటోలు కూడా చూపించాడు.

"అంటే కట్ట ఈడుంటే చెరువు యాడుండాల? నా బోరు కాడే గదా?"

"ఎప్పుడో అయిదారొందల ఏండ్ల నాటి మాటప్పా అది."

"ఎప్పటిదైతేనేం, రాసి ఉండాది గదా. నీ ఫోన్లో గూడా ఉండాది." భూపేష్ గొంతు పెంచలేదు. "రేపెవుడో గిట్టనోడు ఆఫీసులో అర్జీ పెడతాడు. ఇది చెరువు పోరంబోకు, గవర్మెంటు భూమి అంటాడు. మా తాత పేరున ఉండే పట్టా అప్పుడు యాటికి పనికొస్తాది? ఈ ఏడెకరాలే మాకుండేది. బసవన్నా, సమ్మెట యాడ పెట్టినావు?"

అట్లాంటిదేమీ జరగదప్పా అనబోయిన ఏసేపుకు నంది గుర్తొచ్చింది. అప్పుడూ మంచే జరుగుతుందని చెప్పాడు. బసవన్న సమ్మెట తెచ్చి పట్టుకున్నాడు గానీ, సూర్యచంద్రుల మీద దెబ్బ వేయడానికి చెయ్యి రాక దిక్కులు చూస్తున్నాడు. భూపేష్ తానే అందుకున్నాడు.

"కొట్టొద్దప్పా" అన్నాడు ఏసేపు. "బోర్లేసి పూడ్చు. ఎవురికీ కనపడదు. నేనెవురికీ చెప్పను."

"నువ్వా? నువ్వు చెప్పకుండా ఉంటావా?"

"ఉంటాను."

"మరి ఫోటోలు?"

ఏసేపు ఫోన్ చేతికిచ్చాడు. భూపేష్ పద్నాలుగు ఫోటోలు తీసేశాడు. తీసేసినవి దాగుండే చోటు కూడా తెరిచి దాన్నీ ఖాళీ చేశాడు. ఫోన్‌ను చొక్కాకు తుడిచి తిరిగిచ్చాడు. "నీ మీద నాకేం కోపం లేదు ఏసేపన్నా."

"తెలుసులేప్పా."

జేసీబీ తొట్టిలో రాయి పశువుల కొట్టం దాకా వచ్చింది. గొడ్లు నిలబడే చోట పరుపుబండలా, పదకొండు వరసలూ నేలకు ఆనేట్లు బోర్లించారు. ఒక అంచు ఏసేపే పట్టి దించాడు. దించేముందు కింద గులకరాళ్లు లేకుండా చేత్తో తడిమి మెత్తటి ఇసుక పోశాడు. సందులు పూడ్చడానికి సిమెంటు బస్తా ఒకటి మిగిలి ఉందని భూపేష్ అన్నాడు. సిమెంటు పడితే ఆ అక్షరాలు మళ్లీ ఎవరికీ దక్కవు. అడ్డం చెప్పే హక్కు ఇప్పుడు తనకు లేదు.

"సిమెంటొద్దురా, గొడ్లు జారతాయి. మన్నే సాలు" అంది సుబ్బరత్నమ్మ, కొడుకు వైపు చూడకుండా.

భూపేష్, బసవన్న చేనికి వెళ్లిపోయారు. ఆమె బురద మన్ను తెచ్చి సందులు పూడ్చడం మొదలుపెట్టింది. ఏసేపు గొడ్ల గాడికి ఆనుకుని కూర్చున్నాడు. బడులూ మీటింగులూ తిరిగి తిరిగి చివరికి తన చేతులతోనే ఒక శాసనాన్ని కనబడకుండా చేశాడు. విశ్వాసమ్మకు ఏం చెప్పాలో తెలియలేదు. చెప్పనని మాటిచ్చాడు గనక, ఆమెకు కూడా చెప్పకూడదు.

"ఏమని ఉండె ఏసేపూ అది? తిమ్మన కొడుకు ఓబన..."

"ఓబన కొడుకు తిమ్మన."

"ఆఁ. ఓబన కొడుకు తిమ్మన. వాని పిల్లలు, వాళ్ల పిల్లలు... పూడిక తీయాల." మన్ను తట్టింది. "నేను ఇల్లు దాటి యాడ పోతాను, యెవురికి చెప్తాను. నాకన్నా తెలిసుండనీ." మళ్లీ మొదటి నుంచి అందుకుంది. "తిమ్మన కొడుకు ఓబన, వాని పిల్లలు..."

"ఓబన కొడుకు తిమ్మనమ్మా."

ఫోన్ మోగింది. ఎవరో రైతు. కరెంటు పోయి రెండు గంటలైంది, బతికుండావా సచ్చినావా అని అరుస్తున్నాడు. "వస్తాండా అప్పా, వస్తాండా" అని ఏసేపు మోకాళ్లు పట్టుకుని లేచి, బక్కెట్లో చేతులు కడుక్కున్నాడు.

వెనక సుబ్బరత్నమ్మ అరచేత్తో మన్ను సాపు చేస్తూ, బడిపిల్లలా తల ఊపుకుంటూ, తిమ్మన కొడుకు ఓబన అని మళ్లీ తప్పే చెప్పింది. మిగిలినదంతా సరిగ్గానే చెప్పింది. ఏసేపు ఈసారి దిద్దలేదు. బండి స్టార్ట్ చేసి రోడ్డెక్కాడు.